దూరం చూపే దీపం, దారి చూపే దీపం

చీకటి పడినంత మాత్రాన పల్లెలో పని ఆగదు. కాలవ నీళ్ళ వంతు ఒక్కోసారి అర్ధరాత్రి వస్తుంది. రైతు లేచి, గట్టు మీద నడిచి, మడవ తిప్పాలి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో అడవిపందులు చేలో పడతాయి. మంచె ఎక్కి కాపలా కాయాలి. కొట్టంలో గేదె ఈనే సమయం అవుతుంది. ఇంటి ఆడమనిషి లేచి చూడాలి. ఈ పనులన్నిటికీ చేతిలో ఉండాల్సింది టార్చిలైటు.

వెనకటి రోజుల్లో లాంతరు ఉండేది. తరవాత రెండు సెల్లుల టార్చిలైటు వచ్చింది. దానిలో చిన్న బల్బు పసుపుపచ్చగా వెలిగేది. ఇప్పుడు ఎల్.ఇ.డి. లైట్లు వచ్చాయి. సంతలో చూస్తే వంద రకాలు. ఒకటి కిలోమీటరు దూరం పడుతుందంటారు. ఇంకొకటి లక్ష ల్యూమెన్లంటారు. డబ్బా మీద పెద్ద పెద్ద అంకెలు. లోపల ఏముందో తెలియదు. వెయ్యి రూపాయలు పోసి కొన్న లైటు ఆరు నెలలకే మూలన పడితే కష్టార్జితం పోయినట్టే.

పోయేది డబ్బు ఒక్కటే కాదు. భారతదేశంలో 2000 నుంచి 2019 వరకు పాముకాటుకు చనిపోయినవాళ్ళు దాదాపు 12 లక్షలమంది అని పరిశోధకులు 2020లో లెక్క తేల్చారు. అంటే ఏడాదికి సగటున 58 వేలమంది. వాళ్ళలో ఎక్కువమంది పల్లెలవాళ్ళే. చీకట్లో కాలి ముందు ఏముందో కనిపించడం ప్రాణానికి సంబంధించిన విషయం. అందుకే టార్చిలైటు కొనడం చిన్న సంగతి కాదు.

రెండు పనులు, రెండు వెలుగులు

లైటు కొనేముందు రైతు తనను తాను ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ లైటుతో ఏం పని?

మంచె మీద కూర్చున్న మనిషికి చేను అవతలి అంచు కనిపించాలి. అక్కడ కదిలింది పందా, కుక్కా, మనిషా తెలియాలి. దీనికి దూరం చూపే దీపం కావాలి. దాని వెలుగు సన్నగా, సూటిగా పోవాలి.

గట్టు మీద నడిచే మనిషికి కావాల్సింది వేరు. కాలి ముందు రెండు మూడు మీటర్లు, ఆ పక్కా ఈ పక్కా స్పష్టంగా కనిపించాలి. దీనికి దారి చూపే దీపం కావాలి. దాని వెలుగు వెడల్పుగా, మెత్తగా పరుచుకోవాలి.

చాలామంది పొరపడేది ఇక్కడే. దూరం కొట్టే లైటు గొప్పది కాబట్టి దగ్గర కూడా బాగా చూపిస్తుందని అనుకుంటారు. అలా కాదు. దూరం కొట్టే లైటును కాలి ముందు వేస్తే పళ్ళెమంత వెలుగు మచ్చ పడుతుంది. ఆ మచ్చ కళ్ళు చెదిరేటట్టు ఉంటుంది. దాని పక్కనంతా మరింత చీకటిగా కనిపిస్తుంది. పాము ఆ మచ్చలోనే ఉండాలని లేదు. పక్కన జానెడు దూరంలో కూడా ఉండొచ్చు.

ల్యూమెన్ అంటే ఏమిటి?

దీన్ని నీళ్ళతో పోల్చి చెప్పుకుంటే తేలికగా అర్థమవుతుంది. మోటారు గంటకు ఎన్ని నీళ్ళు పోస్తుందో అది ఒక లెక్క. ఆ నీళ్ళు పైపు లోంచి ఎంత దూరం చిమ్ముతాయో అది ఇంకో లెక్క. పైపు మూతిని వేలితో సగం మూస్తే నీళ్ళు దూరం పోతాయి. మోటారు మారలేదు. ధార సన్నబడింది, అంతే.

వెలుగు కూడా అలాంటిదే. లైటు మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే కొలత ల్యూమెన్. ఒక దిక్కున ఆ వెలుగు ఎంత చిక్కగా పోతుందో చెప్పే కొలత క్యాండెలా. దూరం చూపేది క్యాండెలా. కాబట్టి ల్యూమెన్లు ఎక్కువున్న లైటు దూరం కొట్టాలని రూలు లేదు. బల్బు చిన్నదిగా ఉండి, దాని వెనక మెరిసే గిన్నె వెడల్పుగా, లోతుగా, నున్నగా ఉంటే ధార సన్నగా, దూరంగా పోతుంది. గిన్నె చిన్నదైతే వెలుగు దగ్గరే చెదిరిపోతుంది.

ఇంకో సంగతి కూడా ఉంది. వెలుగు దూరం పోయేకొద్దీ పలచబడుతుంది. రెట్టింపు దూరం పోతే వెలుగు సగం అవుతుందనుకుంటారు. కాదు, నాలుగో వంతే మిగులుతుంది. అంటే రెట్టింపు దూరం కావాలంటే నాలుగింతల క్యాండెలా ఉండాలి. ఆ లెక్క ఇది:

100 మీటర్లకు 2,500 క్యాండెలా.
200 మీటర్లకు 10,000 క్యాండెలా.
400 మీటర్లకు 40,000 క్యాండెలా.
800 మీటర్లకు 1,60,000 క్యాండెలా.

డబ్బా మీద దూరం, క్యాండెలా రెండూ ఉంటే ఈ లెక్కతో సరిచూసుకోవచ్చు. 10,000 క్యాండెలా అని రాసి, పక్కనే 800 మీటర్లు అని రాస్తే ఆ రెండిట్లో ఒకటి అబద్ధం.

దూరం ఎలా కొలుస్తారు?

టార్చిలైట్ల తయారీదారులు 2009లో అమెరికాలో ఒక కొలత పద్ధతి పెట్టుకున్నారు. దాని పేరు ఎఫ్.ఎల్.1. మంచి లైట్ల డబ్బాల మీద ఆ గుర్తు ఉంటుంది. ఆ పద్ధతి ప్రకారం 400 మీటర్ల లైటు అంటే ఏమిటి? 400 మీటర్ల అవతల ఆ లైటు వెలుగు పున్నమి వెన్నెల అంత ఉంటుందని అర్థం. అంతకంటే ఎక్కువ కాదు.

పున్నమి వెన్నెల్లో చెట్టు కనిపిస్తుంది. గుట్ట కనిపిస్తుంది. దూరంగా నిలబడింది కుక్కో పందో చెప్పగలమా? చెప్పలేం. అందుకే డబ్బా మీద రాసిన దూరంలో సగం మాత్రమే పనికొచ్చే దూరం అనుకోవాలి. 400 మీటర్ల లైటు 200 మీటర్ల దగ్గర నాలుగు పున్నముల వెన్నెలంత వెలుగు ఇస్తుంది. 100 మీటర్ల దగ్గర పదహారు పున్నములంత ఇస్తుంది. అప్పుడు జంతువు పోలిక తెలుస్తుంది.

చేనుకు ఎంత దూరం కావాలి?

ఒక ఎకరం చేను చదరంగా ఉంటే ఒక అంచు నుంచి ఎదురు అంచుకు దాదాపు 64 మీటర్లు. నాలుగు ఎకరాలైతే 127 మీటర్లు. మూల నుంచి మూలకు చూసినా 180 మీటర్లు. పది ఎకరాల చేను అంచు నుంచి అంచుకు 200 మీటర్లే. మీటరు అంటే పెద్ద అంగ ఒకటి. చేలో అంగలు వేసి ఎవరైనా లెక్క పెట్టుకోవచ్చు.

ఒక రైతు, అతని భార్య సంతకు వెళ్ళారనుకోండి. కొట్లో ఒక పెద్ద లైటు చూశారు.

"ఎంత దూరం పడుతుందన్నా?" అని రైతు అడిగాడు.

"కిలోమీటరు కొడుతుందన్నా! కళ్ళు మూసుకుని తీసుకుపో," అన్నాడు కొట్టు అతను.

భార్య డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆమె అక్షరాస్యతా కేంద్రంలో చదువు నేర్చుకుంది. "కళ్ళు మూసుకునేవాళ్ళకు లైటెందుకన్నా? కళ్ళు తెరిచి చదవనీ," అంది. చదివి, మొగుడి వైపు తిరిగింది. "ఏమయ్యా, మన చేను నాలుగెకరాలు. ఈ మూల నుంచి ఆ మూలకు రెండొందల అంగలు లేవు. కిలోమీటరు అవతల ఎవరి చేను కాపలా కాస్తావు?"

ఆమె లెక్క సరైనది. నాలుగెకరాల చేనుకు 400 మీటర్ల లైటు చాలు. మిగిలిన డబ్బుతో దారి చూపే చిన్న లైటు ఒకటి వస్తుంది. గుట్టల అంచున, తోటల్లో, చెరువు ఒడ్డున పెద్ద మైదానం కాపలా కాసేవాళ్ళకు మాత్రం ఇంకా దూరం పోయే లైటు అవసరం పడొచ్చు.

అబద్ధపు అంకెలు పట్టుకోవడం

డబ్బా మీద మాటలు ఇంగ్లీషులో ఉంటాయి. కానీ అంకెలు అందరూ నేర్చుకున్న అంకెలే. అంకెలు చదవడం వస్తే సగం మోసం తప్పించుకోవచ్చు.

ఇంట్లో వాడే 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బు సుమారు 800 నుంచి 900 ల్యూమెన్ల వెలుగు ఇస్తుంది. అది గది మొత్తానికి చాలుతుంది. పాత రెండు సెల్లుల టార్చిలైటు ఇచ్చింది ఇరవై ల్యూమెన్లకు అటూ ఇటూ. ఇప్పుడు అరచేతిలో పట్టే లైటు మీద "1,00,000 ల్యూమెన్లు" అని ఉంటే దాని అర్థం ఏమిటి? అలాంటి ఇంటి బల్బులు వందకు పైగా ఒకేసారి వెలిగినంత వెలుగు అన్నమాట. వంద బల్బులకు 900 వాట్ల కరెంటు కావాలి. అంత కరెంటు ఒక చిన్న సెల్లు లోంచి రాదు. వచ్చినా ఆ వేడికి లైటును చేత్తో పట్టుకోలేరు. కాబట్టి ఆ అంకె అబద్ధం.

సెల్లు మీద కూడా అంకెలు ఉంటాయి. చాలా ఎల్.ఇ.డి. లైట్లలో 18650 అనే లిథియం సెల్లు వాడతారు. 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడుగు ఉంటుంది కాబట్టి ఆ పేరు. దాని మీద ఎం.ఎ.హెచ్. అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. సెల్లు ఎంత కరెంటు దాచుకుంటుందో ఆ అంకె చెబుతుంది. మంచి సెల్లుల్లో అది మామూలుగా 2,000 నుంచి 3,500 వరకు ఉంటుంది. 9,000 అని ఉంటే నమ్మకూడదు. అసలు సెల్లు సుమారు 45 గ్రాములు తూగుతుంది. అనుమానం వస్తే సన్న తూకం ఉన్నచోట తూచి చూడొచ్చు. మరీ తేలికగా ఉంటే లోపల సరుకు తక్కువ అని అర్థం.

ఎంతసేపు వెలుగుతుంది?

3,000 ఎం.ఎ.హెచ్. లిథియం సెల్లు ఒకటి 10 వాట్ల లైటును గంటసేపు వెలిగిస్తుంది. 5 వాట్లకు తగ్గించి వాడితే రెండు గంటలు. 1 వాటుకు తగ్గిస్తే దాదాపు పది గంటలు. రాత్రంతా కాపలా ఉండే రైతుకు ఈ లెక్క ముఖ్యం. అందుకని వెలుగు తగ్గించుకునే, పెంచుకునే మీట ఉన్న లైటు కొనాలి. నడిచేటప్పుడు తక్కువ వెలుగు. అనుమానం వచ్చినప్పుడు ఒక్క నిమిషం ఎక్కువ వెలుగు. మళ్ళీ తక్కువ.

డబ్బా మీద "10 గంటలు" అని ఉంటే మొదటి నిమిషంలో ఉన్న వెలుగే పది గంటలూ ఉంటుందని అనుకోవద్దు. ఎఫ్.ఎల్.1 పద్ధతిలో మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా గంటలు లెక్క కడతారు. పైగా ఎక్కువ వెలుగు ఇచ్చే లైట్లు కొన్ని నిమిషాలకే వేడెక్కుతాయి. వేడి ఎక్కువ కాకుండా వెలుగు దానంతటదే తగ్గేటట్టు మంచి లైట్లలో ఏర్పాటు ఉంటుంది. అది లోపం కాదు, కాపుదల.

ఏ సెల్లు మంచిది?

మూడు రకాలు దొరుకుతాయి.

మొదటిది మామూలు సెల్లు. దీన్ని ఊరి కిరాణా కొట్లో కూడా కొనొచ్చు. కరెంటు లేని చోట ఇదే దిక్కు. పాత సెల్లు, కొత్త సెల్లు కలిపి వేయకూడదు. నెలల తరబడి వాడకపోతే బయటికి తీసి పెట్టాలి. లేకపోతే లోపలి రసం కారి లైటును తినేస్తుంది.

రెండోది ఆసిడ్ బ్యాటరీ. ప్లగ్గులో పెట్టి ఛార్జింగు చేసే పెద్ద పెద్ద లైట్లలో చాలావాటిలో ఇది ఉంటుంది. ధర తక్కువ, బరువు ఎక్కువ. దీన్ని పూర్తిగా ఆరిపోయేదాకా వాడి, అలాగే వదిలేస్తే పాడైపోతుంది. వాడిన మర్నాడే ఛార్జింగు పెట్టాలి. వాడకపోయినా నెలకు ఒకసారి పెట్టాలి. ఆరు నెలలకే లైటు చచ్చిపోయిందనేవాళ్ళలో చాలామంది ఈ జాగ్రత్త తీసుకోనివాళ్ళే.

మూడోది లిథియం సెల్లు. తేలిక, బలం ఎక్కువ. జాగ్రత్తా ఎక్కువే కావాలి. దానికి తగిన ఛార్జరే వాడాలి. ఎండలో, పొయ్యి పక్కన పెట్టకూడదు. జేబులో తాళంచెవులతో, చిల్లరతో కలిపి వేసుకోకూడదు. ఇనుము తగిలి రెండు కొసలూ కలిస్తే మంట లేస్తుంది. ఉబ్బిన సెల్లును, చినిగిన సెల్లును వాడకూడదు. లిథియం సెల్లు కొనేటప్పుడు మన దేశపు ప్రమాణాల సంస్థ బి.ఐ.ఎస్. గుర్తు ఉందో లేదో చూడాలి.

ఏ సెల్లునైనా మంటలో వేయకూడదు. పిల్లల చేతికి ఇవ్వకూడదు.

వాన, బురద

చేలో వాడే లైటు తడుస్తుంది. మడవలో పడుతుంది. డబ్బా మీద ఐ.పి.ఎక్స్. అనే అక్షరాల పక్కన ఒక అంకె ఉంటుంది. 4 అంటే చినుకులకు, చిందే నీళ్ళకు ఆగుతుంది. 7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీళ్ళు పోవు. కాలవ పని చేసేవాళ్ళకు 7 ఉంటే నిశ్చింత. ఆ అంకె ఉన్నా మూత దగ్గర రబ్బరు చుట్టు చినిగితే నీళ్ళు దిగుతాయి. అప్పుడప్పుడు చూసుకోవాలి.

మోటారు దగ్గరికి వెళ్ళేవాళ్ళకు తలకు కట్టుకునే లైటు మంచిది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. స్టార్టరు పెట్టె మీద తడి ఉందా, తీగ తెగి వేలాడుతోందా అని ముందు చూసుకోవాలి. తడి చేత్తో ముట్టుకోకూడదు. లైటు పళ్ళ మధ్య కరచుకుని పెట్టె తెరవడం ప్రమాదం.

కొట్లో పరీక్ష

పగటి వెలుగులో ఏ లైటైనా ఒకేలా కనిపిస్తుంది. కొట్టు వెనక చీకటి గదిలోకి తీసుకెళ్ళి చూడాలి. లేదా సాయంత్రం చీకటి పడ్డాక కొనడానికి వెళ్ళాలి.

పది అంగల దూరం నుంచి గోడ మీద వేసి చూడాలి. దూరం చూపే లైటైతే నడిమి మచ్చ చిన్నగా, తెల్లగా, అంచు చక్కగా ఉండాలి. దారి చూపే లైటైతే వెలుగు గోడంతా సమానంగా పరుచుకోవాలి. మధ్యలో నల్లటి చుక్కలు, చుట్లు ఉండకూడదు. ముందుకు వెనక్కు జరిపి ఫోకసు మార్చుకునే లైట్లు కూడా ఉన్నాయి. అవి రెండు పనులకూ వస్తాయి. కానీ జారే చోట దుమ్ము, నీళ్ళు దిగే అవకాశం ఎక్కువ.

పది నిమిషాలు వెలిగించి ఉంచాలి. వెలుగు ఎంత తగ్గింది? చేతికి ఎంత వేడి తగిలింది? మీట తడి చేత్తో నొక్కితే జారుతుందా? మెడకో, చేతికో తగిలించుకోవడానికి తాడు ఉందా? సెల్లు పాడైతే మార్చుకోవడానికి వీలుందా? ఆ సెల్లు దగ్గరి ఊళ్ళో దొరుకుతుందా? ఇవన్నీ అడగాలి.

బిల్లు తీసుకోవాలి. గ్యారంటీ కాగితం మీద తేదీ వేయించాలి. కొన్నవాళ్ళ హక్కుల కోసం 2019లో కొత్త వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. మోసపోయినవాళ్ళు 1915 నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చెప్పుకోవచ్చు. బిల్లు ఉంటేనే మాట నిలుస్తుంది.

రాత్రి వేళ వాడే తీరు

చీకటికి కంటి చూపు అలవాటు పడడానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. కళ్ళు చెదిరే వెలుగు ఒక్కసారి చూస్తే ఆ అలవాటంతా పోతుంది. మళ్ళీ మొదటికి వస్తుంది. అందుకే నడకకు తక్కువ వెలుగే మేలు. ఎదురొచ్చే మనిషి కళ్ళలోకి, బండి నడిపేవాళ్ళ కళ్ళలోకి లైటు వేయకూడదు.

మంచు పడే రాత్రి బలమైన వెలుగు ఎదురు తిరిగి కళ్ళలోనే పడుతుంది. తెల్లటి గోడ అడ్డు వచ్చినట్టు ఉంటుంది. అప్పుడు లైటును కంటి పక్కన పెట్టుకోకుండా నడుము దగ్గర పట్టుకుని, వెలుగు తగ్గించి, నేల మీదికి వేయాలి.

ఆవు, కుక్క, జింక, చిరుత కళ్ళు లైటు పడితే మెరుస్తాయి. ఆ మెరుపు చూసి జంతువు ఉందని తెలుసుకోవడం పల్లెవాళ్ళకు అలవాటే. కానీ అడవిపంది కళ్ళు అలా మెరవవు. వాటి కంటి వెనక ఆ మెరుపు పొర లేదు. పాము కళ్ళూ మెరవవు. మెరుపు కనిపించలేదు కాబట్టి ఏమీ లేదు అనుకోవడం ప్రమాదం. పందిని దాని నల్లటి ఆకారాన్ని బట్టి, కదిలే కంకులను బట్టి పోల్చుకోవాలి.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడితోటలకు వెళ్ళేవాళ్ళకు ఎలుగుబంటి భయం ఉంది. చిత్తూరు జిల్లాలో కౌండిన్య అభయారణ్యం చుట్టుపక్కల పలమనేరు, కుప్పం వైపు రైతులకు ఏనుగుల భయం ఉంది. అలాంటి చోట దూరం చూపే దీపం నిజంగా ప్రాణం కాపాడుతుంది. జంతువు వంద అంగల దూరంలో ఉండగానే కనిపిస్తే మనిషి వెనక్కి తిరిగి రావచ్చు. లైటు ఉంది కదా అని దగ్గరికి పోకూడదు. కళ్ళలోకి వేసి రెచ్చగొట్టకూడదు. అటవీశాఖవాళ్ళకు కబురు చెయ్యాలి. లైటు వేసి వేటాడడం నేరం. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం వేటను నిషేధించింది.

లైటుకు లొంగని ప్రమాదం ఇంకొకటి ఉంది. కొందరు పందులకని చేను చుట్టూ కరెంటు తీగ కడతారు. అది చట్టానికి విరుద్ధం. ఆ తీగకు పందే తగలాలని లేదు. మడవ కట్టడానికి వచ్చిన పక్క చేను మనిషి తగులుతాడు. సన్నటి తీగ రాత్రిపూట ఏ లైటుకూ సరిగ్గా కనిపించదు. కనిపించినా అందులో కరెంటు ఉందో లేదో లైటు చెప్పదు. అలాంటి తీగ కనిపిస్తే తాకకూడదు, దాటకూడదు. 1912 నంబరుకు ఫోను చేసి కరెంటు ఆఫీసుకు చెప్పాలి. ఊళ్ళో ఎవరూ అలా కట్టకుండా అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి.

పాము విషయంలో

నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుక పింజర ఈ నాలుగూ మనుషులను ఎక్కువగా చంపే పాములు. కట్లపాము రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ళను కాటేస్తుంది. దాని కాటు ఒక్కోసారి నొప్పే తెలియదు. రక్తపింజర అలికిడికి పారిపోదు. ఆకుల్లో, గడ్డిలో కదలకుండా పడి ఉంటుంది. కాలు వేస్తే కాటేస్తుంది. ఇలాంటి పామును కిలోమీటరు కొట్టే లైటు పట్టివ్వదు. కాలి ముందు పరుచుకున్న వెలుగే పట్టిస్తుంది.

లైటుతో పాటు కాళ్ళకు బూట్లు, చేతిలో కర్ర ఉండాలి. గడ్డిలో కర్ర తట్టుకుంటూ నడవాలి. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కింద దోపుకుని పడుకోవాలి. లైటు తలగడ పక్కనే ఉండాలి. లేచినప్పుడు ముందు లైటు నేల మీదికి వేసి, తరవాత కాలు కింద పెట్టాలి.

కాటు పడితే కోయకూడదు. నోటితో పీల్చకూడదు. తాడుతో బిగించి కట్టకూడదు. మంత్రాలకు, పసరులకు పొద్దు పోగొట్టకూడదు. కాటు పడిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, ధైర్యం చెప్పి, 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. విషానికి మందు ఆసుపత్రిలోనే ఉంది.

గుర్తుంచుకోవలసినవి

దూరం చూపే దీపం వేరు. దారి చూపే దీపం వేరు. వీలైతే రెండూ కొనాలి. ఒక్కటే కొనగలిగితే దారి చూపేదే ముందు కొనాలి. పంట పోతే మళ్ళీ వేసుకోవచ్చు.

డబ్బా మీది దూరంలో సగమే పనికొచ్చే దూరం.

రెట్టింపు దూరానికి నాలుగింతల క్యాండెలా కావాలి.

నమ్మలేని అంకెలను నమ్మకూడదు. ఇంటి బల్బుతో పోల్చి చూడాలి.

చీకట్లో పరీక్ష చేసి కొనాలి. బిల్లు దాచుకోవాలి.

అక్కలారా, అన్నలారా! ఈ వారం ఇంట్లో ఉన్న టార్చిలైటును బయటికి తీయండి. సెల్లు ఉబ్బిందేమో, రసం కారిందేమో చూడండి. చీకటి పడ్డాక కాలి ముందు వేసి చూడండి. వెడల్పుగా పరుచుకుంటోందా? పళ్ళెమంత మచ్చ పడుతోందా? ఇంట్లో ఏ దీపం ఉందో, ఏది లేదో అప్పుడు తెలిసిపోతుంది.